వైవాకి వచ్చిన చుట్టాలు

జుల్మీరా ఇంటి పెరట్లో నిలబడి మడమలెత్తితే గోడవతల యూనివర్సిటీ చెరువు కనబడుతుంది. పెళ్ళయి ఆ వీధికి వచ్చినప్పటి నుంచీ ఆవిడ దాన్ని అలా గోడమీంచి చూడటమే తప్ప ఒడ్డున నిలబడి చూసింది లేదు. వెళ్ళకూడదని ఎవరూ అనలేదు. మీనాస్ రాష్ట్రంలో కొండల మధ్య ఉన్న ఆ చిన్న ఊళ్ళో సగంమంది చదువుకునే పిల్లలు. మిగతా సగం వాళ్ళకి గదులు అద్దెకిచ్చేవాళ్ళు, వండిపెట్టేవాళ్ళు, బట్టలు కుట్టేవాళ్ళు. జుల్మీరా కుట్టేది. ల్యాబుల్లో తొడుక్కునే తెల్లకోట్లు ఆవిడ చేతిమీదుగా ఎన్ని వెళ్ళాయో లెక్కలేదు. కోట్లు లోపలికి వెళ్ళేవి, ఆవిడ బయటే ఉండేది. అది చదువుకున్నవాళ్ళ చోటు, మనకేం పని అని ఎప్పుడో వయసులో అనుకుంది. ఆ తర్వాత ఆ సంగతే ఆలోచించలేదు.

చూపు ఆనక కుట్టుమిషను మూలన పెట్టేసిన ఏడాది, పక్కింట్లోకి ఒనెయిడా అద్దెకు దిగింది. బస్సుల్లో టికెట్లు కొట్టి రిటైరైన మనిషి. కాలు ఒకచోట నిలవదు, నోరు ఊరుకోదు. సామాను సర్దుకోకముందే వచ్చి, ఈ ఊళ్ళో చూడ్డానికి ఏమున్నాయని అడిగింది.

"చర్చి ఉంది, బస్టాండుంది," అంది జుల్మీరా.

"బస్టాండు నేను చూసినంత ఎవరూ చూళ్ళేదులే. ఆ గోడవతలేంటి?"

"యూనివర్సిటీ. మనల్ని రానివ్వరు."

"ఎవరన్నారా మాట?"



మర్నాడే ఒనెయిడా ఆవిణ్ణి చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళింది. ఎవరైనా అడిగితే చూపించడానికని జుల్మీరా గుర్తింపు కార్డు పిడికిట్లో పట్టుకుని నడిచింది. గేటు దగ్గర కాపలావాడు ఇద్దరికీ నమస్కారం పెట్టి మళ్ళీ తన కాఫీ చూసుకున్నాడు. అంతే.

ఆ రోజు నుంచి ఇద్దరికీ అదే పని. చెరువు ఒడ్డున గొర్రెలంతేసి ఎలుకల్లాంటి కాపీబారాలు పందుల్లా బొర్లి ఎండ కాగుతుంటే, బెంచీ మీద కూర్చుని ఏది ఏ ప్రొఫెసర్లా ఉందో చెప్పుకునేవారు. పురుగుల మ్యూజియానికి వెళితే, బస్సు టైరు కింద పడ్డా లేచేటంత గుండెధైర్యం ఉందని చెప్పుకునే ఒనెయిడా ఒక బొద్దింక పెట్టె చూసి బయటికి పరుగెత్తింది. అది చచ్చిన బొద్దింకేనని జుల్మీరా ఎంత చెప్పినా మళ్ళీ లోపలికి రాలేదు. గురువారాలు సంగీతం పిల్లలు సాధన చేసుకుంటుంటే వెనక కుర్చీల్లో కూర్చుని వినేవారు. తప్పు వాయించినప్పుడు పిల్లలు ఒకళ్ళనొకళ్ళు తిట్టుకోవడం పాటకంటే బాగుండేది. ఎక్కడా పైసా అడిగినవాళ్ళు లేరు. జుల్మీరాకి రాత్రిళ్ళు నిద్ర బాగా పట్టసాగింది.

అక్టోబరులో ఒకరోజు చెరువు దగ్గర ఉండగా కుండపోతగా వాన పట్టుకుంది. దగ్గర్లో ఉన్న బిల్డింగులోకి పరుగెత్తారు. ఒక తలుపుకి కాగితం అంటించి ఉంది. పీహెచ్‌డీ వైవా, ఎవరైనా రావచ్చు అని ఒనెయిడా పైకే చదివింది.

"ఎవరైనా అంటే మనమూనే కదా. కుర్చీలు మెత్తగా ఉంటాయి, పద."

చెప్పులు తడిసి ఉన్నాయని జుల్మీరా గొణిగింది. ఆ మాట పూర్తయ్యేలోపే ఒనెయిడా తలుపు తోసేసింది.

లోపల ముగ్గురు ప్రొఫెసర్లు బల్ల వెనక కూర్చున్నారు. ఎదురుగా ఒక సన్నటి అమ్మాయి నిలబడి ఉంది. ఆ వానలో ఎవరూ రాలేదు కాబోలు, కుర్చీలన్నీ ఖాళీ. గోడవారగా తెల్లగుడ్డ పరిచిన బల్లమీద ఫ్లాస్కు, మొక్కజొన్న కేకు, చీజ్ ఉండలు మాత్రం పదిమందికి సరిపడా ఉన్నాయి. ఆ అమ్మాయి తడిసిన ఇద్దరు ముసలమ్మలనీ చూసి, ఎవరని అడగకుండా, చిన్నగా తలవంచింది. జుల్మీరా ముందు వరసలోనే కూర్చుంది.

అమ్మాయి పేరు జసియారా, ఊరు ఉత్తరాన అమెజాన్ ఒడ్డున సాంతరెం. కుట్టని చిన్న తేనెటీగల గురించి, అవి వాలితే తప్ప కాయని అసాయీ తాటిచెట్ల గురించి చెప్పింది. సగం మాటలు జుల్మీరాకి అర్థం కాలేదు, మిగతా సగం చాలా బాగున్నాయి. ఒనెయిడా పది నిమిషాలకే నిద్రలోకి జారుకుంది.

తర్వాత ప్రశ్నలు మొదలయ్యాయి. చివర కూర్చున్న గడ్డం ప్రొఫెసరు, వానలు వెనకబడ్డ ఏడాది లెక్కలు ఎందుకు తేడాగా ఉన్నాయని అడిగాడు. జసియారా నోరు తెరిచింది, మాట రాలేదు. కాగితాలు తిరగేసింది, మళ్ళీ నోరు తెరిచి మూసింది.  

జుల్మీరా లేచింది. ఎందుకు లేచిందో ఆవిడకే తెలియదు. తడి చెప్పులు కిర్రుకిర్రుమంటుండగా ప్రొఫెసర్ల ముందునుంచే నడిచి, వాళ్ళ బల్లమీది జగ్గులోంచి గ్లాసులోకి నీళ్ళు వంచి ఆ అమ్మాయి చేతికిచ్చింది.

"తాగమ్మా. తొందరేం లేదు, వాన ఇప్పట్లో తగ్గదు."

గడ్డం ప్రొఫెసరు నవ్వాపుకున్నాడు. జసియారా గ్లాసు ఖాళీచేసి ఊపిరి పీల్చుకుని జవాబు మొదలుపెట్టింది. ఇక ఆగలేదు. జుల్మీరా వెళ్ళి తన కుర్చీలో కూర్చుంది.

ప్రొఫెసర్లు మాట్లాడుకోవాలని అందరినీ వరండాలోకి పంపారు. అక్కడ జసియారా, తన తల్లి రావాలంటే పడవలో, ఆపైన బస్సుల్లో రోజుల తరబడి ప్రయాణమని, చెల్లెలికి నెలలు నిండటంతో ఆవిడ కదల్లేకపోయిందని చెప్పింది. మీరెందుకొచ్చారని అప్పుడడిగింది.

"వానకి," అంది జుల్మీరా. అబద్ధమాడటం చేతకాలేదు.

జసియారా పకపకా నవ్వింది. పొద్దుటి నుంచి ఆమె నవ్వడం అదే మొదటిసారై ఉంటుంది.

పాసైంది. అందరూ చప్పట్లు కొట్టారు, అందరికంటే గట్టిగా ఒనెయిడా. ఫొటోకి ఇంటివాళ్ళు కూడా రండని గడ్డం ప్రొఫెసరు పిలిచాడు. జుల్మీరా వెనక్కి తగ్గబోతే జసియారా ఆవిడ మోచెయ్యి పట్టుకుని పక్కన నిలబెట్టుకుంది.

"మీరు తల్లివైపా, తండ్రివైపా?" అని ఆయన మర్యాదగా అడిగాడు.

"చెరువువైపు," అంది ఒనెయిడా.

కేకు కోస్తుండగా జసియారా తల్లికి ఫోను చేసింది. ఇద్దరూ కాసేపు ఏడ్చారు. తర్వాత ఫోను జుల్మీరా చేతికొచ్చింది. దూరాన ఒక ఆడగొంతు కృతజ్ఞతలు చెప్పి, ఆపైన కాస్త తటపటాయించి అడిగింది.

"అక్కా, పిల్ల పొద్దున ఏమన్నా తిందా? అడిగితే తిన్నానంటుంది, నేన్నమ్మను."

జుల్మీరా తల తిప్పి చూసింది. జసియారా రెండు చేతుల్లో రెండు చీజ్ ఉండలు పట్టుకుని, నోట్లో ఇంకోటి నములుతోంది.

"పొద్దున సంగతి తెలీదు గానీ ఇప్పుడు తింటోందమ్మా, నా కళ్ళముందే. తినేదాకా నేను కదల్ను," అంది.

అన్నట్టే కదల్లేదు. వాన వెలిశాక మిగిలిన కేకు కాగితంలో చుట్టించుకుని ఇద్దరూ ఇంటిదారి పట్టారు. తాను నిద్రపోలేదని, కళ్ళు మూసుకుని విన్నానని ఒనెయిడా వాదించింది. అయితే ఆ పిల్ల దేని గురించి చెప్పిందో చెప్పమంటే నీళ్ళు నమిలింది. అప్పుడు జుల్మీరా తేనెటీగలతో మొదలుపెట్టింది. అవి గోరులో సగం కూడా ఉండవట, కుట్టవట, అవి రాని ఏడాది చెట్టు కాయదట. ఇల్లు వచ్చింది, ఒనెయిడా కాఫీ పెట్టింది, కేకు విప్పారు, జుల్మీరా ఇంకా చెబుతూనే ఉంది.