పులికి పురుడు

నీళ్ల తొట్టి అడుగున పట్టిన పాచిని మొగులయ్య కొబ్బరి పీచుతో రుద్దుతున్నాడు. బకెట్లు మోసీ మోసీ అతని కుడిభుజం కిందికి జారిపోయింది. పెండ్లి నాటి నుంచి అతడు ఈ జంతుశాల బోనులే కడుగుతున్నాడు. బస్సులో పక్కన కూర్చున్నవారు ఫినాయిలు వాసనకు మొగం తిప్పుకొనేవారు.

ఆనాడు అతని సంచిలో మట్టి మూకుడు, పిడకలు, ఊదు పొట్లం ఉన్నాయి. తెల్లవారుజామున సైదాబాదు ఇంట్లో కూతురు రాజమణికి పురుడు జరిగింది. భార్య చంద్రమ్మ బాలింత గది కడిగి, ఊదు పొగ వేసి, మనుమణ్ణి తొలిసారి అతని చేతుల్లో పెట్టింది.

"బిజిలీ గూడ బాలింతనే గద. దానికెవ్వరున్నరు?" అన్నాడు మొగులయ్య. బిజిలీ అతడు మేపే ఆడపులి.

"పులికి పురుడా! దిమాఖ్ ఖరాబైందా? బొట్టు గూడ పెట్టి రా!" అని నవ్వుతూనే ఆమె ఊదు పొట్లం కట్టి ఇచ్చింది.

గోనెపట్టాలు కట్టిన చీకటి గదిలో బిజిలీ రెండు కూనలతో ఉంది. లోపలికి ఎవరూ పోరాదని పెద్ద కావలివాడు ఇశ్రాయేలు ఆజ్ఞ. పొద్దు వాలే వేళ పులి నీళ్లకు బయటికి రాగానే మొగులయ్య గదికీ ఆవరణకూ నడిమి తలుపు దించాడు. నేల కడిగాడు. మూకుడులో పిడక రాజేసి, ఊదు చల్లి, మూలన పెట్టాడు. కూనలను తాకలేదు. బయటికి వచ్చి తలుపు ఎత్తాడు.

బిజిలీ గడపలో ఆగి వాసన చూసింది. ఒక కూన మెడను నోట పట్టి ఆవరణలోకి వచ్చింది. గోడ వరకు నడిచింది. తొట్టి వరకు నడిచింది. మళ్లీ గోడ. దించలేదు.

ఇశ్రాయేలు పరుగెత్తుకొచ్చాడు. "ఏం జేసినవ్ అన్నా?"

"ఊదు ఏసిన... ఇంట్ల ఏసినట్లే."

"అడివిల ఐతే కొత్త వాసన తగిలిందంటే పిల్లల్ని ఇంకో పొదకు మోస్తది. ఈడ పొద యాడున్నదే?"

తలుపు దించితే పులి ఇంకా బెదురుతుందని, ఇద్దరూ గోనెసంచులు విసిరి ఆవరణ మూలన చాటు కల్పించబోయారు. అది చూడనైనా లేదు. నడక వేగమైంది, కూన మెడ మీద పట్టు బిగిసింది.

చీకటి పడుతుండగా కూనను తొట్టి పక్కన దించి నాకింది. కూన తల లేవలేదు. ఇంకా నాకింది. తరువాత లోపలికి పోయి రెండవదాన్ని నోట పట్టి తెచ్చి, గోడ వైపు నడక సాగించింది.

మొగులయ్య కమ్మీలు పట్టుకొని నిలబడిపోయాడు.

ఎవరూ అడుగు పెట్టలేని ఆ గది మూలన, మట్టి మూకుడు ఇంకా పొగలు చిమ్ముతూనే ఉంది.