నొప్పి చెప్పినవారికే బూట్లు

బూట్ల ఫ్యాక్టరీ వెళ్లిపోయిన తీరు ఊళ్లో అందరికీ కంఠతా వచ్చు. శుక్రవారం సాయంత్రం అందరూ మామూలుగానే గేటు దాటి ఇళ్లకు పోయారు. సోమవారం పొద్దున చూస్తే గేటుకు తాళం. యంత్రాలు ఓడెక్కాయట, కూలి ఇంకా చవగ్గా దొరికే దేశానికి పోయాయట. అంతకుమించి వాచ్‌మన్‌కు కూడా తెలియదు. పాపం, అతని ఉద్యోగమూ ఆ తాళం లోపలే ఉండిపోయింది.

చర్చిలో ఆ నెలంతా అదే మాట. ముందు సరుకుల సంచులు పంచారు. పంచుతూ పంచుతూ మందుల షాపాయన, సంఘ పెద్ద, ఉన్నట్టుండి ఆగాడు.

"ఇలా ఎన్నాళ్లు పంచుతామండీ? బయటి దేశం బూట్లు చవగ్గా వచ్చాయని ఎగబడి కొన్నది మనమే కదా. ఆ తాళం వేసినవాళ్లలో మనమూ ఉన్నట్టే."

ఆ మాట పాస్టరు గారికి నిద్ర పట్టనివ్వలేదు. వరసగా ఆదివారాలన్నీ న్యాయం గురించే ప్రసంగించారు. చివరికి సంఘం కూర్చుని తేల్చింది. చర్చి వెనక ఉన్న సండే స్కూలు గదిలో బూట్ల పని మొదలు పెట్టాలి. పని చేసేవాళ్లే యజమానులు. జీతం, ధర వాళ్లే కూర్చుని నిర్ణయించుకోవాలి. సంఘంలోని వాళ్లంతా బూట్లు అక్కడే కొనాలి. ఇది నిలబడితే నేతపనివాళ్లకు మేమూ గది ఇస్తామని పక్క ఊరి చర్చి కబురు కూడా పెట్టింది.

గది నడిపే భారం మడమక్క మీద పడింది. ఫ్యాక్టరీలో చేరిన నాటి నుంచి బూటు వెనక భాగంలో మడమ దగ్గర కుట్టు వేయడమే ఆమె పని. అసలు పేరు హాజరు పట్టీకి, అత్తగారికి మాత్రమే గుర్తుంది. ఆమెతో పాటు గదిలో అడుగు అతికించే జిగురు మరిది, తోలు కోసే ఇద్దరు అక్కచెల్లెళ్లు. నలుగురూ పనిలో పండినవాళ్లే. కానీ వాళ్లలో ఒక్కరైనా ఎప్పుడూ ఒక బూటును మొదటి నుంచి చివరిదాకా చేసి ఎరగరు. వాళ్ల బల్ల ముందు నుంచి బూటు ముక్కలుగా వచ్చి ముక్కలుగానే పోయేది.

మొదటి విడత బూట్లు ఆరని జిగురు వాసనతోనే అమ్ముడుపోయాయి. పొగడ్తలు బూట్ల కంటే ఎక్కువ వచ్చాయి. ఆ తర్వాత గది గుమ్మం తొక్కినవాళ్లు లేరు. రెండో విడత అల్మరాలో బుద్ధిగా కూర్చుంది.

"అందరూ కొనేశారు కదా వదినా, అరగొద్దూ?" అన్నాడు జిగురు మరిది.

"అరగాలంటే తొడగాలి కదరా," అంది మడమక్క.

ఆ అనుమానంతోనే ఆదివారం చివరి బెంచీలో కూర్చుంది. పాస్టరు గారు ప్రార్థన అనగానే అందరూ తలలు వంచారు. ఆమె ఇంకాస్త ఎక్కువ వంచి, బెంచీల కింద నుంచి ముందు వరస దాకా చూసింది. అన్నీ పాత బూట్లే. సంఘం మొత్తంలో గది బూట్లు తొడిగింది పాస్టరు గారొక్కరే. ఆయనా వాటిని విప్పి పక్కన పెట్టి, మేజోళ్ల మీదే నిలబడి ప్రార్థన చేస్తున్నారు.

ఆరాధన అయ్యాక గుమ్మం దగ్గర మందుల షాపాయన దొరికాడు.

"బూట్లు ఎలా ఉన్నాయన్నయ్యా?"

"బంగారమమ్మా."

"మరి తొడగలేదేం?"

"బంగారం రోజూ పెట్టుకుంటామా? బీరువాలో పెట్టాను."

పాస్టరు గారు దగ్గరికొచ్చి గొంతు తగ్గించారు. "కొంచెం ఒరుసుకుంటాయి తల్లీ, అంతే. న్యాయం కోసం ఆ మాత్రం ఓర్చుకోలేమా?"

"అయ్యగారూ, మేం చేసింది బూట్లు. ఉపవాసం కాదు," అనేసి ఆమె ఇంటికి వెళ్లిపోయింది.

ఇంట్లో అత్తగారు కిటికీ పక్కన కుర్చీలో ఉంది. కాళ్లకు గది బూట్లే, కాకపోతే వెనక భాగం అణగదొక్కి చెప్పుల్లా వేసుకుంది. మడమక్క ఎదురుగా కింద కూర్చుని ఆవిడ కాలు ఒళ్లోకి తీసుకుంది. మడమ మీద తోలు లేచిపోయి ఎర్రగా ఉంది.

"ఇదెప్పటి నుంచి అత్తయ్యా?"

"తొడిగిన రోజు నుంచే."

"చెప్పొచ్చు కదా."

"ఎలా చెప్పనే? నువ్వసలే..." అని ఆగిపోయింది ముసలావిడ.

ఆ ఆగిన మాట ఏమిటో ఇద్దరికీ తెలుసు. మడమక్క భర్త పోయి ఏడాది కావస్తోంది. ఫ్యాక్టరీలో తయారైన బూట్లు పరీక్షించే బల్ల ఆయనది. ఇంట్లోనూ అదే ఉద్యోగం. కూరలో ఉప్పు, తలుపు కిర్రు, ఆమె కుట్టులో వంకర, దేన్నీ వదిలేవాడు కాదు. ఆయన పోయినప్పటి నుంచి ఈ ఇంట్లో, ఈ ఊళ్లో, ఆమె చేసిన దానికి ఎవరూ వంక పెట్టలేదు. అదేదో గౌరవం అనుకుంది ఇన్నాళ్లూ.

"నా సంగతి నేను చూసుకుంటాను. నొప్పి సరిగ్గా ఎక్కడో చెప్పండి," అంది.

"ఇదిగో, నీ కుట్టు ఉందే, అక్కడే. రంపంలా కోస్తోంది."

మడమక్క బూటులో వేలు పెట్టి కుట్టు మీద నడిపింది. లోపలి వైపు గట్టుకట్టి ఉంది. అప్పుడు గుర్తొచ్చింది. తన చేతి నుంచి కుట్టు పక్క బల్లకు వెళ్లేది, అక్కడ రోజంతా టకటకమని సుత్తి చప్పుడు. ఆ సుత్తి ఏం చేసేదో ఇన్నేళ్లలో ఒక్కసారీ తల తిప్పి చూడలేదు. కుట్టును నలగ్గొట్టి చదును చేసి, మీద మెత్తటి పట్టీ అంటించేవాళ్లన్న మాట. ఫ్యాక్టరీ బూటు ఒకటి చీల్చి చూస్తే పట్టీ కనిపించింది.

తర్వాతి ఆదివారం ప్రకటనల సమయంలో ఆమె లేచి నిలబడింది. మామూలుగా నలుగురిలో మాట్లాడే మనిషి కాదు.

"మా బూట్లు బాగున్నాయన్నవాళ్లకు ఇక అమ్మేది లేదు. ఏం బాగా లేదో చెప్పినవాళ్లకే అమ్ముతాం. జాలితో ఒక జత కొంటారు, రెండోది కొనరు. ఒక్క జతతో మా గది నిలబడదు."

అందరూ పాటల పుస్తకాల్లోకి చూస్తున్నారు. అప్పుడు మూడో వరసలో అత్తగారు కర్ర పట్టుకుని లేచింది.

"నా మడమ కోసేశాయి. మా కోడలి కుట్టే."

ఎవరో నవ్వారు. "నావి కిచకిచమంటున్నాయి," అంది ఆర్గన్ వాయించే టీచరమ్మ, "మొన్న పిల్లి వెంటపడింది." "నా కుడిది ఎడమ దానికంటే పెద్దది." "తాళ్లు పొట్టివి." మందుల షాపాయన కూడా లేచాడు. "నావైతే బీరువాలో కూడా ఇరుకే." పాస్టరు గారు ప్రసంగ పీఠం వెనక నుంచి తన జత చేత్తో ఎత్తి చూపించి, "ఇవి విప్పడానికే ప్రసంగం పొట్టి చేశాను," అన్నారు. "అయితే అవి బాగు చెయ్యొద్దమ్మా," అని వెనక నుంచి ఎవరో అన్నారు.

మర్నాడు గది గుమ్మం దగ్గర బూట్ల వరస మెట్ల దాకా వచ్చింది. నలుగురూ సుత్తులు పట్టారు. జిగురు మరిది కిచకిచను పట్టుకోవడానికి రోజంతా ఒక్కో బూటు తొడుక్కుని గెంతాడు. తాళ్లు మార్చారు, కాలి కొలతకు పెట్టుకునే అచ్చులు సరిచేశారు. కొన్ని బూట్లు ఎంతకీ బాగుపడలేదు. వాటికి బదులు కొత్తవి చేసిచ్చారు. ఆ నెల జీతం ఎంత తగ్గించుకోవాలో నలుగురూ కూర్చుని తేల్చుకున్నారు. కష్టంగానే ఉంది, అయినా ఆ లెక్క వేరెవరో ఎక్కడో వేసింది కాదు.

రెండో విడత అల్మరా దిగింది. సగమే దిగింది, నిజం చెప్పాలంటే.

ఒక మధ్యాహ్నం బస్సు కండక్టరమ్మ ఒకావిడ గుమ్మంలో నిలబడి లోపలికి తొంగి చూసింది. చర్చికి వచ్చే మనిషి కాదు. ఈ గది కథా తెలియదు, న్యాయం ప్రసంగాలూ వినలేదు.

"ఇక్కడ బూట్లు అమ్ముతారటగా. రోజంతా నిలబడే కాళ్లు నావి."

ధర చెప్తే మొహం ముడిచింది. "బజార్లో ఇంతకంటే చవగ్గా వస్తాయి."

"వస్తాయి," అంది మడమక్క. "తొడిగి చూడండి."

కండక్టరమ్మ తొడిగింది. ఈ గోడ నుంచి ఆ గోడకు నడిచింది. బస్సు కుదుపుతున్నట్టు అటూ ఇటూ ఊగింది. మునివేళ్ల మీద లేచి దిగింది. గదిలో నలుగురూ పని ఆపి ఆవిడ కాళ్లవైపే చూస్తున్నారు.

"మడమ బాగుంది. కుడి చిటికెన వేలు దగ్గర ఒత్తుతోంది. అది సరిచేస్తే తీసుకుంటాను, లేకపోతే లేదు."

"విప్పండి," అంటూ మడమక్క సుత్తి అందుకుంది.