పెడల్ మీద కాలు

నొక్కాననే చెప్పాను కదా, మళ్ళీ నొక్కావా అని అడుగుతారేమిటి, బండి కింద వెల్లకిలా పడుకున్న మనిషికి పైన సీట్లో కూర్చున్నదాని మాట వినబడలేదేమో, పక్కన టైర్ల కొట్లో సుత్తి దెబ్బలు ఆగితే కదా ఏదైనా వినబడటానికి, నొక్కానండీ అని గట్టిగా అరిచాను, పట్టుకో అన్నారు, పట్టుకున్నాను, కింద గాలి తీసే నిపుల్ వదులైన చప్పుడు, గొట్టంలోంచి సీసాలోకి ఆయిల్ దిగిన చప్పుడు, ఎత్తు అన్నారు, ఎత్తాను, కాపురానికి వచ్చిన కొత్తల్లో పొయ్యి మీద పాలు పెట్టుకున్నదాన్ని పిలిచి డ్రైవరు సీట్లో కూర్చోబెడితే బండి నేర్పిస్తారు కాబోలని ఎంత మురిసిపోయాను, పాలు పొంగిపోతే పోయాయనుకున్నాను, తీరా చూస్తే నొక్కు, పట్టుకో, ఎత్తు, అంతే, బండి తోలడం నాకు ఇప్పటికీ రాదు, క్లచ్ పెడల్ తొక్కడంలో మాత్రం నన్ను మించినవాళ్ళు లేరు, ఆయిల్ లైన్లో గాలి బుడగ ఒక్కటి మిగిలినా నా అరికాలికి తెలిసిపోతుంది, ఆయన పది పరీక్షలు చేసి చెప్పేది నా కాలు ఒక్క తొక్కుకే చెబుతుందని ఆయనే అందరితోనూ అనేవారు, మా ఆవిడ కాలికి జీతమివ్వాలయ్యా అని.

ఆ కాలే ఇప్పుడు చెబుతోంది, లైన్లో గాలి లేదని, పెడల్ రాయిలా ఉందని, పొద్దున్నే చెప్పాను, ఇందాకా చెప్పాను, గాలి లేదండీ ఇక చాలు అంటే ఊఁ అన్నారు, కాసేపాగి, అసలు గాలి తీశామంటావా అన్నారు, మళ్ళీ గొట్టం తగిలించారు, ఇంజిన్ ఆపి ఉంటే గేర్లన్నీ సాఫీగా పడతాయి, ఇంజిన్ వేస్తే మాత్రం కరకరమని పళ్ళు నూరుతుంది, మొండిగా గేరు తోస్తే పెడల్ అడుగంటా తొక్కి ఉన్నా బండి ముందుకు పాకుతుంది, అంటే నేనిక్కడ ఎంత తొక్కినా లోపల క్లచ్ ప్లేటు ఇంజిన్‌తో తిరిగే ఫ్లైవీల్‌ని వదలడం లేదన్నమాట, ఇన్నేళ్ళు ఈ షెడ్డులో టీలు అందించినందుకు ఆ మాత్రం నాకూ తెలుసు, కింద సిలిండరు మంచిదే, దాని కడ్డీ సరిగ్గానే కదులుతోంది, క్లచ్‌ని నెట్టే ఫోర్కు వంగలేదు, పెడల్ దగ్గర సర్దుబాటు చూశారు, అన్నీ చూశారు, చూసినవే చూస్తున్నారు, ఇక మిగిలింది లోపలిదే, గేర్‌బాక్సు దింపితే తప్ప కనబడనిది, ఆ మాట నా నోటి చివరి దాకా వస్తోంది, అక్కడే ఆగిపోతోంది.

కొత్త ఫ్లైవీల్‌లోనే ఏదో ఉండి ఉంటుంది, పాతది వేడికి నీలం తిరిగి పగుళ్ళిచ్చింది, అదిగో గోడవార ఆనించి ఉంది, దాంతోపాటు క్లచ్ సెట్టు కూడా మార్చేద్దామని మొన్న ఆయనే అన్నారు, ఆయనే బిగించారు, మంచిమాటే, ఎవరైనా అదే అంటారు, సామాన్ల కొట్టువాడు ఇంకేదో బండిది అంటగట్టి ఉంటాడు, వాడి మొహం చూస్తేనే తెలుస్తుంది, ఫ్లైవీల్ మందం తేడా వచ్చి ఉంటుంది, వచ్చే ఉండాలి, భగవంతుడా, ఇనుములోనే లోపం ఉండేలా చూడు, ఇనుమైతే మార్చుకోవచ్చు, కొట్టుకెళ్ళి వాణ్ణి నాలుగు దులిపి ఇంకోటి తెచ్చుకోవచ్చు, ఆ దులపడమేదో నేనే దులుపుతాను, గొంతు పోయేదాకా దులుపుతాను.

ఏం బావా, నా బండి మీ ఇంట్లోనే కాపురం పెట్టేసిందా ఏంటి, అంటూ తలుపులాయన వచ్చాడు, బండి ఇతనిదే, వడ్రంగి, తలుపులూ కిటికీలూ వేసుకుని ఊరంతా తిరుగుతాడని అందరికీ తలుపులాయనే, నన్ను చెల్లెమ్మా అంటాడు కాబట్టి మా ఆయన బావ అయిపోయారు, అక్కడ ఇల్లుగలవాళ్ళు తలుపుల్లేని ఇంట్లో పడుకుంటున్నారమ్మా, కుక్కలు దర్జాగా లోపలికొచ్చి పలకరించి పోతున్నాయట అన్నాడు, నవ్వాను, బండి కిందనుంచి ఆయనా నవ్వారు, ఆ నవ్వు వింటే ఏమీ కాలేదనిపిస్తుంది, అదే నవ్వు, అదే గొంతు, కూతురు ఫోన్లో అన్నదంతా వట్టి చాదస్తం అనిపిస్తుంది, ఈయన ఫోన్ చేసి మనవరాలు ఎలా ఉందని అడిగారట, చెప్పిందట, మళ్ళీ అడిగారట, మళ్ళీ చెప్పిందట, అమ్మా ఒకసారి నాన్నని డాక్టరుకి చూపించవే అంటే నేను ఒంటికాలి మీద లేచాను, నీకు లేదా మతిమరుపు, పెన్ను లేకుండా పరీక్షకు వెళ్ళిందెవరే, బండి దగ్గు విని దాని పుట్టుపూర్వోత్తరాలు చెప్పే మనిషికి ఏం రోగమే అని ఫోన్ పెట్టేశాను, పెట్టేసి వంటింట్లో గిన్నెలన్నీ తోమాను, తోమినవే తోమాను, ఎందుకంటే ఆ ముందు ఆదివారం రోజూ వేసే షట్టరు తాళం ముందు నిలబడి తాళంచెవి ఎటు తిప్పాలో తెలియక చూస్తూ ఉండిపోయారు, నేను తీసుకుని తిప్పితే, చేతికి గ్రీజు అంటిందిలే అన్నారు, అప్పుడే స్నానం చేసి వచ్చిన మనిషి, చేతులు తెల్లగా ఉన్నాయి, ఆ సంగతి నేను ఎవరికీ చెప్పలేదు, నాకు నేను కూడా చెప్పుకోలేదు.

గేర్‌బాక్సు దింపుదామండీ, అన్నది నేనే, ఎలా అన్నానో తెలియదు, ఆయన బండి కిందనుంచి జరిగి వచ్చి నా వంక చూసి, అదే అనుకుంటున్నానే, అన్నారు, తలుపులాయన జాకీ పట్టాడు, నేను లైటు పట్టాను, పని మొదలయ్యేసరికి ఆయన చేతులు చూడాలి, తడుముకోవడం లేదు, వెతుక్కోవడం లేదు, ఏ బోల్టు ముందో ఏది తర్వాతో వేళ్ళకే తెలుసు, నా ప్రాణం కుదుటపడింది, చూడవే చూడు మీ నాన్నని అని కూతురితో మనసులోనే పోట్లాడాను, రోగమున్న చేతులా ఇవి, గేర్‌బాక్సు వెనక్కి జరిగింది, కిందికి దిగింది, ప్రెషర్ ప్లేటు విప్పారు, లైటు కాస్త ఇటు పట్టవే అన్నారు, పట్టాను, క్లచ్ ప్లేటు చేతిలోకి వచ్చేలోపలే చూసేశాను.

తిరగేసి ఉంది, స్ప్రింగులున్న ఎత్తుభాగం గేర్‌బాక్సు వైపుండాలి, ఇంజిన్ వైపుంది, కొత్త ఫ్లైవీల్ మీద బోల్టుల తలలు దానికి రాసుకుని రాసుకుని వెండిలా మెరుస్తున్నాయి, ఫ్లైవీల్‌లో ఏ లోపమూ లేదు, ముచ్చటగా ఉంది, కొట్టువాడు సరైనదే ఇచ్చాడు, ఏ వైపు ఎటుండాలో ప్లేటు మీదే రాసి ఉంటుంది, ఈ షెడ్డులో పని నేర్చుకున్నవాళ్ళందరికీ ఆయన మొట్టమొదట చెప్పే పాఠం అదే, అయినా పరవాలేదు, పొరపాటు మానవసహజం, ఇప్పుడు ఆయన నుదురు కొట్టుకుంటారు, ఛీ నా తెలివి తెల్లారినట్టే ఉంది అంటారు, నేను ఎగతాళి చేస్తాను, తలుపులాయన జన్మంతా గుర్తుచేసి ఏడిపిస్తాడు, అనండి, ఒక్కసారి ఆ మాట అనండి, మీకు దణ్ణం పెడతాను, ఆయన ప్లేటుని అటూ ఇటూ తిప్పి చూశారు, మొహం ఎర్రబడింది, ఎవడు పెట్టాడే ఇది, అన్నారు.

తలుపులాయన నవ్వాడు, హాస్యమాడుతున్నారనుకున్నాడు పాపం, ఆయన అతని వైపు తిరిగి, నవ్వుతావేంటయ్యా, ఎక్కడ చేయించావు నువ్విది, ఏ బుద్ధిలేనివాడి చేతిలో పెట్టావు బండిని, అడ్డమైనవాళ్ళూ పానా పట్టుకుని మెకానిక్కులైపోతే ఇలాగే ఉంటుంది, నా దగ్గరికి ముందే తీసుకురావద్దూ అన్నారు, నిజమైన కోపంతో అన్నారు, తలుపులాయన నవ్వు మొహం మీదే ఆగిపోయింది, అతను నావైపు చూశాడు, నేను వద్దన్నట్టు తల ఊపాను, లైటు ఆయన చేతుల మీదికి సరిచేసి పట్టి, ఎవడో లెండి, ఇప్పుడు మీ చేతిలో పడింది కదా, అన్నాను, అంతే కదా మరి, అన్నారు, గుడ్డతో ఫ్లైవీల్ తుడిచారు, ప్లేటుని సరైన వైపు తిప్పి నిలబెట్టారు, నడిమధ్యన కూర్చుందో లేదో కన్ను దగ్గరగా పెట్టి చూసుకున్నారు, ఒక్కొక్క బోల్టూ ఎదురెదురుగా కొద్దికొద్దిగా బిగిస్తున్నారు, కూనిరాగం కూడా తీస్తున్నారు, ఎవడో పాడుచేసిన పనిని బాగుచేస్తున్నప్పుడు ఆయనకు ఎప్పుడూ ఉండే హుషారు అది, ఆ ఎవడో ఆయనకు తెలియదు, మొన్న మధ్యాహ్నం ఇదే ప్లేటుని ఇదే చోట తిరగేసి బిగించి చెమట తుడుచుకుంటూ నా చేతిలోంచి మంచినీళ్ళు అందుకున్న మనిషి ఎవరో ఆయనకు తెలియదు, అతనూ మా ఆయనే, అతన్ని తిట్టిపోస్తున్న ఈయనా మా ఆయనే, వాళ్ళిద్దరికీ ఒకరినొకరు తెలియదు, ఇద్దరినీ ఎరిగినదాన్ని ఇక నేనొక్కదాన్నే.