తట్ట నడిమధ్యలో

"నడిమధ్యలోనే పాలరోగం పురుగు పడుండాది. కనపడలేదా? బీఎస్సీ చదివిన కండ్లు గదమ్మా అవి" అంటూ అత్త హనుమక్క పట్టుపురుగుల తట్టను నా ముందర పెట్టింది. కనపడలేదు. అంచుల్లో ఆకు ఈనెలు కూడా తెలుస్తాయి నాకు. నడిమధ్యలో మాత్రం బూడిద చల్లినట్టు మసక.

మా దిబ్బూరహళ్ళిలో పట్టుపురుగుల పని అంటే ఆకు మేపడమే అనుకుంటారు మొగోళ్ళు, ఆకు కోసుకొచ్చేది వాళ్ళు కాబట్టి. తట్టమీద వల పరిచి, కొత్త ఆకు వేసి, పురుగులు పైకెక్కినాక వల ఎత్తి, అడుగున మిగిలిన ఈనెలూ పెంటా తీసేది నేను. ఒక్కరోజు తీయకపోతే అడుగు వేడెక్కి పురుగులకు రోగం. తీసినన్నాళ్ళూ అట్లాంటి పని ఒకటుందని ఎవరికీ గుర్తుండదు.

అందుకే చిక్కబళ్ళాపురలో కండ్ల డాక్టరు శశికళగారు చెప్పింది నాకు ఒక్కసారికే అర్థమైంది. కంటి వెనక తెర దినమూ కొంత చెత్త రాలుస్తుందంట. దాని అడుగునుండే కణాలు ఆ చెత్తను మింగి అరిగించుకోవాలంట. నా కణాలకు ఆ అరుగుదల లేదు. చెత్త పసుపుపచ్చగా పేరుకొని ఆ కణాలే చచ్చిపోతాండాయి, వాటితోపాటు చూపూ. "పోయిన చూపు రాదమ్మా వినుతా. ఉండేది ఎంత వేగంగా పోతాందో చూడాల. పరీక్షలకు తప్పకుండా రా" అన్నారామె.

"ఈ పట్టుగూళ్ళు అయిపోనీ, పోదాం" అన్నాడు నా మొగుడు లోకేశ్. అట్లా రెండు పంటలు అయిపోయినాయి. పురుగులు పొర విడిచేముందు మేత మాని పడుకునే దినాన్ని ఈడ జ్వరమంటారు. ఆ పొద్దు ఇంట్లో ఎవరూ గట్టిగా మాట్లాడరు. నేను పురుగును కాను కాబట్టి నా పరీక్షలు ఆగొచ్చు.

ఈ పొద్దు అత్త మాట విని లోకేశ్ లోపలికొచ్చినాడు. "కనపడకపోతే తడిమి తియ్యి. చేతులు బాగానే ఉండాయి గదా." ఎగతాళికి కాదు. నాకొక ఉపాయం చెప్పినాననే అనుకున్నాడు.

వల పరిచినాను. ఆకు వేసినాను. పురుగులు పైకెక్కేదాకా నిలబడి, చేతులు కడుక్కొని చీర మార్చుకున్నాను.

"చెత్త ఎవరు తీస్తారు?" అనింది అత్త.

"మీ కొడుకు తీస్తాడత్తా. చేతులు బాగానే ఉండాయి గదా."

రోడ్డుమీదికి పోయి నిలబడినాక బస్సు వచ్చి ఆగింది. బోర్డుకు రెండు చివర్లే ఉండాయి. మా వంశంలో మొదటి డిగ్రీ నాది. పక్కనున్నామెను అడిగినాను. "ఇది చిక్కబళ్ళాపురకేనా అమ్మా?"

అవుననింది. ఎక్కినాను.