రెప్పవెంట్రుకకు అంటుకున్న ధూళి

నేను ఒక ధూళి రేణువును. అలాగని మీ ఫ్యాను రెక్కల మీద పేరుకునే బాపతు కాదు. మీ సూర్యుడికంటే ముందు పుట్టినదాన్ని. గొప్పలకు పోవడం లేదు, వయసు చెప్పానంతే.

ఒక ముసలి నక్షత్రం ఒళ్లు ఉబ్బి, ఎర్రబారి, పైపొరలను ఊపిరిలా వదిలేస్తుంటే ఆ వేడి చల్లారే చోట పుట్టాను. కాస్త బొగ్గు, కాస్త సిలికాన్ ఒకదాన్నొకటి పట్టుకుని గట్టిపడితే నేనయ్యాను. పుట్టీ పుట్టగానే తల్లి నన్ను బయటికి తోసేసింది. నక్షత్రాల ఇళ్లలో అదే ఆచారం. ఆ తరవాత ఎంతకాలం తిరిగానో! ఒంటి మీద మంచు పేరుకునేది, ఏదో చుక్క వెలుగు తగిలితే ఊడిపోయేది. ఎవరికీ చెందకుండా తిరిగిన రోజులవి. అదే స్వేచ్ఛ అని అప్పుడు తెలియలేదు.

తిరిగి తిరిగి ఒక మేఘంలో చిక్కాను. వాన మేఘం కాదు, నాలాంటి ధూళీ వాయువులూ గుమిగూడినది. అది తనలోకి తానే కుంగిపోయి, నడుమ మీ సూర్యుడు వెలిగాడు. నా తోటివాళ్లు చాలామంది ఆ వేడికి కరిగి గ్రహాలలో కలిసిపోయారు. వాళ్ల మీదే మీరు ఇళ్లు కట్టుకుని, గట్టు తగాదాలు పడుతున్నారు. నేను కరగలేదు. కరగనందుకు శిక్షగా ఒక రాతిలో బందీనయ్యాను. కదలడానికి లేదు, చూడటానికి లేదు. భూమి మీద చేపలు పుట్టి, ఒడ్డెక్కి, కాళ్లు తెచ్చుకుని, చివరికి పంచె కట్టుకునేదాకా నేను ఆ చీకట్లోనే ఉన్నాను.

ఒక వేసవిలో ఆ రాయి పల్నాడులో కోటమ్మ అనే ఆవిడ మిరపచేలో పడింది. "చూడబోతే కొబ్బరికాయంత, ఎత్తబోతే నడుం పట్టేస్తంది. ఇదేం రాయే తల్లీ!" అంటూ ఆవిడ దాన్ని ఎండుమిరపకాయల మీద కప్పిన పట్టా ఎగిరిపోకుండా ఓ మూల పెట్టింది. ఆకాశం నుంచి దిగివచ్చినందుకు దక్కిన ఉద్యోగం అది. నిజం చెప్పాలంటే నాకు నచ్చింది. గాలివాన వచ్చినప్పుడు మిగతా రాళ్లన్నీ దొర్లినా మా మూల మాత్రం లేవలేదు.

నిప్పుకణికలాంటిది పడిందన్న కబురు విని, హైదరాబాదు నుంచి పరిమళ అనే పరిశోధక విద్యార్థిని వెతుక్కుంటూ వచ్చింది. "కాయలు బస్తాలకెత్తిందాకా రాయి కదిలేది లేదమ్మాయ్" అంది కోటమ్మ. పాపం, ఆ పిల్ల అన్నాళ్లూ ఆగి తీసుకుపోయింది.

ప్రయోగశాలలో రాతి ముక్కను నూరి ఆమ్లాలలో నానబెట్టింది. రాయి కరిగిపోయింది, నేను మిగిలాను. బయటపడ్డానని సంబరపడేలోగా గాజుబుడ్డిలో వేసి మూత బిగించింది. పెనం మీంచి పొయ్యిలో పడ్డట్టయింది నా పని.

కానీ ఒకరోజు సూక్ష్మదర్శినిలోంచి నన్ను చూస్తూ పరిమళ నెమ్మదిగా అడిగింది. "ఎక్కడ పుట్టావే నువ్వు? ఏ చుక్క కూతురివి?"

ఇన్ని కోట్ల ఏళ్లలో నన్ను ఆ మాట అడిగినవాళ్లు లేరు. నాకు ఏడుపొచ్చింది, కన్నీళ్లే లేవు.

జవాబు చెప్పించే యంత్రం వేరే ఊళ్లో ఉంది. దానికోసం పరిమళ ఏడాదిగా వరుసలో ఉంటే ఇప్పటికి వంతు వచ్చింది. సోమవారం నన్ను దాని ముందు పెట్టకపోతే ఆమె పరిశోధన గడువు దాటిపోతుంది, ఇన్నేళ్ల చదువూ మట్టిపాలవుతుంది. కొలవడానికి సరిపడే పెద్ద రేణువు ఆ పొడిలో నేనొక్కదాన్నే. ఆ యంత్రం నా ఒంటిని గీకేస్తుందట. గీకితే గీకనీ, నా పుట్టిల్లు ఏదో ఒకరికి తెలుస్తుంది కదా అనుకున్నాను.

నన్ను ఎత్తడానికి ఏ పటకారూ పనికిరాదు. పరిమళ తన రెప్పవెంట్రుకనే ఒకటి పుల్ల కొసకు గోళ్లరంగుతో అతికించి, దానితో నన్ను తాకింది. నేను అంటుకున్నాను. యంత్రంలో పెట్టేందుకు నన్ను అద్దాల్సిన బంగారు రేకు దాకా తెస్తుండగా అతుకు ఊడి, వెంట్రుకతో సహా బల్ల మీది తెల్లకాగితం మీద పడ్డాను. పరిమళ ఊపిరి బిగబట్టి, ఇంకో పుల్ల కోసం పక్కగదిలోకి పరుగెత్తింది.

అప్పుడే ఆమె గైడు దక్షిణామూర్తిగారు లోపలికి వచ్చారు. ఎవరో తుమ్మారని గడపలో ఎవరైనా ఆగితే అరగంట ఉపన్యాసం దంచే మనిషి ఆయన. కాగితం మీద రెప్పవెంట్రుకను చూశారు, అటూ ఇటూ చూశారు. ఎవరూ లేరు. వేలితో అద్ది తీసి, చిన్నప్పటిలా పిడికిలి మీద పెట్టుకుని, కళ్లు మూసుకుని ఏదో కోరుకుని, ఉఫ్‌మని ఊదారు.

వెంట్రుక ఎగిరిపోయింది. నేను మాత్రం ఆయన వేలి చెమటకే అంటుకుని ఉన్నాను. ఆ వేలితోనే ఆయన జారుతున్న కళ్లజోడును పైకి తోసుకున్నారు. దాని మడతలో, మర పక్కనున్న జిడ్డులో ఇరుక్కుపోయాను.

పరిమళ వచ్చింది. "సార్, ఇక్కడ రెప్పవెంట్రుక ఉండాలి. మన రేణువు దానిమీదే ఉంది, చూశారా?"

ఆయన ముఖంలో నెత్తురుచుక్క లేదు. "నేనే ఊదేశానమ్మా."

"ఊదారా? మీరా?"

"ఊరికే... కోరుకుని."

"ఏం కోరుకున్నారు సార్?"

"పైకి చెబితే జరగదంటారు."

"ఇంక జరగడానికి ఏం మిగిలింది సార్!"

ఆయన తల వంచుకున్నారు. "సోమవారం నీ పని చక్కగా అయిపోవాలని."

పరిమళ పకపకా నవ్వింది. నవ్వుతూ నవ్వుతూనే నేలమీద కూలబడి ఏడ్చేసింది. 'ఇక్కడున్నానే తల్లీ' అని గొంతు చించుకోవాలనిపించింది. అరవడానికి గొంతేదీ?

తప్పు తనదేనని దక్షిణామూర్తిగారు పైవాళ్లకు రాసి, ఆమె గడువు ఒక్క ఏడాది పెంచేలా చేశారు. మిగిలిన రాతిని కరిగించి ఇద్దరూ నాలాంటిదాని కోసం వెతుకుతున్నారు. ఇంతవరకూ దొరకలేదు. చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతకడమంటే ఇదే.

రోజూ ఉదయం పరిమళ కొత్త పొడిని సూక్ష్మదర్శిని కింద పెట్టి, "సార్, ఒక్కసారి మీరూ చూడండి" అంటుంది. కళ్లజోడుతో సరిగ్గా కనబడదని ఆయన దాన్ని తీసి బల్లమీద పెట్టి, నా పక్కనే వంగి, ఒంటికన్నుతో నన్ను వెతుకుతారు.