చెప్పినచోట ఆగే పళ్లెం

బేరింగులో గ్రీజు కూరి, అంచు వేలితో తుడిచి, ఆయన పీట మీద బిగించిన పళ్లేన్ని ఒక్క తోపు తోశాడు. వెళ్లి ముఖం కడుక్కొచ్చాడు. అది ఇంకా తిరుగుతూనే ఉంది. మీసాల చాటున నవ్వుకున్నాడు.

ఆఫీసుల్లో తిరిగే కుర్చీలు బాగుచేయడం ఆయన పని. బిగుసుకుపోయినదాన్ని వదులు చేయడమే ఆయనకు తెలిసిన విద్య. భార్య నోటికి మాత్రం ఆ అవసరం ఏనాడూ రాలేదు.

ఈ పళ్లెం అక్క కోసం. పక్షవాతం వచ్చి, పోతూ పోతూ ఆవిడ ఎడమ అరచెయ్యిని వెంట తీసుకుపోయింది. ఆవిడ కుండల మీద రంగులు వేసే మనిషి. ఒక చేత్తో కుండ తిప్పుతూ ఇంకో చేత్తో కుంచె ఆడించాలి. ఎవరి సాయమూ లేకుండా ఒక కుండ పూర్తిచేసి చూపిస్తే, చేతిపనుల బడిలో టీచరు ఉద్యోగమూ, ఉండటానికి గదీ ఇస్తామన్నారు. సాయంత్రం బడి వ్యాను వస్తుంది. తమ్ముడింట్లో మర్యాదకేం లోటు లేదు. ఆ మర్యాదే ఆవిడకు అరగడం లేదు.

అక్క కుండ పెట్టి, మోచేత్తో పళ్లెం అంచు నెట్టి, కుంచె ఆనించింది. ఆకు వేయబోతే కుండ నడుముకి నీలం బెల్టు పడింది.

“ఒరేయ్, నేనడిగింది బొమ్మలు వేసుకునే పీట. నువ్వు బొంగరం చేశావు.”

“ఎంత సాఫీగా తిరుగుతోందో చూశావా అక్కా?”

“చూశాను. ఎప్పుడాగుతుందో చెప్పు, అన్నం తినొస్తాను.”

ఆయన ముఖం చిన్నబోయింది. ఆగడం గురించి ఎప్పుడూ ఆలోచించలేదు. ఆగిపోయిన కుర్చీలే కదా ఆయన దగ్గరికొచ్చేవి. గ్రీజంతా తుడిచేశాడు, కీచుమంది గానీ ఆగలేదు. నట్టు బిగించాడు, ఈసారి మొండికేసి కూర్చుంది.

గుమ్మంలోంచి చూస్తున్న భార్య లోపలికెళ్లి కత్తెరా, ఉన్ని దుప్పటీ తెచ్చింది.

“గచ్చు మీద మంచం జారిపోతుంటే కాళ్ల కింద గుడ్డ పెట్టానా లేదా? దీనికీ పెట్టండి.”

“మంచి దుప్పటే, పాడుచేస్తావా?”

“మీదేలెండి.”

దుప్పటి ముక్కను గుండ్రంగా కత్తిరించి, పళ్లేనికీ కింది చెక్కకీ మధ్య పెట్టి, నట్టు కొద్దికొద్దిగా బిగించాడు. ఇప్పుడు పళ్లెం మోచెయ్యి నెట్టినంతసేపే తిరిగింది; వదలగానే ఉన్నచోట నిలబడింది. ఇన్నేళ్ల పనిలో ఆయన ఒకదాన్ని కావాలని బిగించడం ఇదే మొదలు.

మధ్యాహ్నమంతా ఎవరూ అక్క గదిలోకి వెళ్లలేదు. అక్క, బెల్టును తుడిచే ఓపిక లేక, దాన్నే తీగ చేసి చుట్టూ ఆకులు వేసేసింది.

వ్యాను దిగిన బడి పెద్దావిడ కుండ చూసి, “ఎవరు పట్టుకున్నారమ్మా?” అని అడిగింది.

“దుప్పటి,” అంది అక్క. ఆవిడ ఎదుటే పళ్లేన్ని మోచేత్తో జరిపి ఇంకో ఆకు వేసింది. పెద్దావిడ, “సామాను సర్దుకున్నారా?” అంది.

తమ్ముడు పీటను వ్యానులో అక్క పక్కనే పెట్టాడు.

“వదులైతే నట్టు తిప్పుకో.”

“నీకు మాటిమాటికీ ఫోను చెయ్యనులే, భయపడకు.”

“చెయ్యి,” అన్నాడాయన.

వ్యాను వీధి మలుపు తిరిగింది. భార్య వచ్చి గది సర్దింది. కిటికీలో ఆడపడుచు కుంచెలు కడిగిన గ్లాసు కనిపించింది. మంచినీళ్ల గ్లాసులు ముట్టుకోవద్దని ఎంత మొత్తుకున్నా వినేది కాదు. పారబోయడానికి ఎత్తి, ఒక్క క్షణం ఆగి, మళ్లీ కిటికీలోనే పెట్టింది. ఆ కుదుపుకి లేచిన నీలం, గ్లాసులో నెమ్మదిగా మళ్లీ అడుక్కి దిగుతోంది.