గుమ్మం మీద కంకుల దండ

కోత మిషను చేలోకి దిగిందంటే చాలు, అమలమ్మ గొడుగేసుకుని గట్టు మీద హాజరు. డ్రైవరు ఏ ఊరివాడైనా ఆవిడ చేత చీవాట్లు తినాల్సిందే. నీళ్ళ బోదె పక్క మూల కాస్త వదిలెయ్యమంటే వాడు వినిపించుకోడు. ఈవిడ వెళ్ళి మిషనుకి అడ్డంగా నిలబడుతుంది. చివరికి ఆ మూల మిగులుతుంది. దాన్ని కొడవలితో కోసి, కట్ట నెత్తిన పెట్టుకుని ఇంటికి తెచ్చే పని కోడలు మార్తది.

ఆ కంకులతో క్రిస్మస్‌కి ముందు గుమ్మానికి దండ కట్టడం ఆ ఇంటి ఆనవాయితీ. వెదురు బద్ద గుండ్రంగా వంచి, సరుగుడు రెమ్మలు చుట్టి, మధ్యమధ్యన మనిషికో కంకుల గుత్తి కడుతుంది అమలమ్మ. ఎవరి గుత్తికి వాళ్ళ పాత బట్ట పేలికే ముడి. అమలమ్మది తెల్ల చీర అంచు, మార్తది నీలం జాకెట్టు ముక్క, మనవరాలు హన్నాది స్కూలు రిబ్బను.

దండలో గుత్తి ఉన్నవాళ్ళు ఎక్కడున్నా పండక్కి ఆ గుమ్మంలోకి వచ్చి తీరతారు. బస్సుల్లేకపోయినా వస్తారు, జ్వరంతోనైనా వస్తారు. ఉయ్యూరు చుట్టుపక్కల ఇదేం వింత కాదు. అమలమ్మ మరిది ఏసుపాదం ఒక్కడే రాలేదు. అతను గుడివాడలో బయల్దేరాక ఇక్కడ అతని గుత్తిని ఉడత ఎత్తుకుపోయింది. అప్పట్నుంచీ కాలవ గట్టు మీద నడుస్తూనే ఉన్నాడు పాపం. పాలవాళ్ళు పలకరిస్తే “ఇల్లింకెంత దూరం అబ్బాయ్?” అని అడిగి సాగిపోతాడు.

ఈసారి దండని మేకుకి తగిలించాక మార్త ఒకడుగు వెనక్కి వేసి చూసింది. గుత్తులు నాలుగున్నాయి. నాలుగోదానికి ఆకుపచ్చ గళ్ళ లుంగీ పేలిక.

“ఇదేంటి అత్తయ్యా?”

అమలమ్మ కింద రాలిన రెమ్మలు ఏరుకుంటూ తలెత్తలేదు. “చెయ్యి దానంతటదే కట్టేసిందే.”

ఆ లుంగీ జయపాల్‌ది. అమలమ్మకి ఒక్కగానొక్క కొడుకు, మార్తకి మొగుడు. కాగే గంజి మార్త చేతి మీద గుమ్మరించి, ఆ రోజే ఇల్లొదిలి పోయాడు. మోచేతి దాకా ఆ మచ్చ ఇప్పటికీ ఉంది. హన్నా అప్పుడు మంచం కిందకి దూరింది. అతను పోయిన చాన్నాళ్ళకి గానీ ఆ పిల్ల గట్టిగా నవ్వలేదు. ఎటు పోయాడో ఎవరికీ తెలీదు. తెలుసుకోవాలని మార్తకి ఎన్నడూ అనిపించలేదు కూడా.

ఎండిపోయిన ఆ నాలుగో గుత్తి మర్నాటికి పచ్చబడింది. ఆ పైన గింజల్లో పాలు నిండాయి. మనిషి దగ్గరపడుతున్న కొద్దీ కంకి అలాగే అవుతుంది. ఒకరోజు పొద్దున్నే హన్నా బడికని చెప్పులు తొడుక్కోబోయి గుమ్మంలో ఆగిపోయింది. దండలోంచి నాన్న తాగే మందు వాసన గుప్పుమంటోంది. పిల్ల వెనక్కి వెళ్ళి మంచం కిందకి దూరింది.

మార్తకి ఒళ్ళు మండిపోయింది. కుట్టు మిషను మీద కత్తెర తీసుకుని గుమ్మం దగ్గరకి వచ్చింది. పేలిక దగ్గర కత్తెర పెట్టింది.

“వద్దే! దారిలో ఉన్నాడే వాడు,” అమలమ్మ వచ్చి ఆ చెయ్యి పట్టుకుంది. “ఇప్పుడు తెంపితే ఇంక వాడికి ఏ గుమ్మమూ ఉండదు. మీ చినమావయ్యని చూడ్డంలా?”

“మరి నా పిల్లని చూడండి! మంచం కింద ఎట్టా ముడుచుకుందో చూడండి!”

అమలమ్మ వంగి చూసింది. తర్వాత లేచి, కత్తెర తనే అందుకుంది.

“ఇంట్లో ఉన్నవాళ్ళది తీస్తే దారి తప్పే భయం లేదు. ఈ గుమ్మం వాళ్ళది కాకుండా పోతుంది, అంతే. ఈ గుమ్మంలో ఉండేవాళ్ళకి వాళ్ళు పరాయివాళ్ళవుతారు. మీ ఇద్దరివీ తీసి సంచిలో పెడతాను, చేరిన చోట గుమ్మానికి కట్టుకోండి. బట్టలు సర్దుకో.”

“నానమ్మ కూడా మనల్ని మర్చిపోద్దా అమ్మా?” మంచం కిందనుంచి అడిగింది హన్నా.

అమలమ్మ గోధుమరంగు గుడ్డసంచి మూతి బిగించి మార్త చేతిలో పెట్టి, “ఊరు దాటేదాకా విప్పకు,” అంది. వాళ్ళు వీధి మలుపు తిరిగేదాకా ఆవిడ గుమ్మంలోనే ఉంది. మార్త చెయ్యి ఊపితే, ఎవరో కొత్తవాళ్ళని చూసినట్టు చూసింది. అత్తగారి కోసం అంత ఏడుపొస్తుందని మార్త ఎప్పుడూ అనుకోలేదు.

ఉయ్యూరు బస్టాండులో వాళ్ళు ఎక్కాల్సిన బస్సులోంచే దిగాడు జయపాల్. చిక్కిపోయాడు, గెడ్డం పెరిగింది. తిన్నగా మార్త ఎదుటికే వచ్చాడు. హన్నా తల్లి చీర కుచ్చిళ్ళలో మొహం దాచుకుంది.

“ఏవండీ, మా ఊరికి ఆటోలు ఎక్కడ ఆగుతాయండీ?” అంటూ ఊరి పేరు చెప్పాడు.

అంత మర్యాదగా ఆ గొంతు ఆమె ఎన్నడూ వినలేదు. మచ్చ ఉన్న చేత్తోనే దారి చూపించింది. అతను ఆ మచ్చ వంక చూసి, “అయ్యో, ఎట్టా కాలిందండీ?” అని, జవాబు కోసం ఆగకుండా వెళ్ళిపోయాడు. బస్సు కంకిపాడు దాటేదాకా మార్త కిటికీలోంచి వెనక్కి చూస్తూనే ఉంది.

పట్నంలో వన్ టౌన్‌లో జుబియా వాళ్ళ గోడౌను మీద ఒక గది ఉంది. జుబియా మార్తతో కలిసి చదువుకున్న మనిషి. ఒక్క మాట కూడా అడగలేదు, తాళం తీసి పాత జల్లెడ చట్రం ఒకటి తెచ్చిచ్చింది. “దండకి వెదురెక్కడ వెతుకుతావే, దీనికి కట్టు.”

మార్త సంచి విప్పింది. గుత్తులు మూడున్నాయి.

మూడోది అడుగున బోర్లా పడి ఉంది, పేలిక కనబడటం లేదు. కొడుకుని కూడా వెంట పంపిందా? కన్నతల్లి కదా, చెయ్యి దానంతటదే పెట్టేసిందేమో. ముట్టుకోవడానికి కూడా భయపడింది. హన్నాయే చెయ్యి పెట్టి బయటికి లాగింది.

తెల్ల చీర అంచు.

మూడింటినీ చట్రానికి కట్టి తలుపు మీద మేకుకి తగిలించారు. ఆ సాయంత్రమే మెట్ల కింద ఒక ఆటోవాడు ఎవరి చేతో చీవాట్లు తినడం వినిపించింది. హన్నా రెండేసి మెట్లు దూకుతూ కిందికి పరిగెత్తింది.

అమలమ్మ గొడుగు గోడకి చేర్చి చతికిలబడింది. గ్లాసుడు నీళ్ళు గటగటా తాగింది.

“వచ్చాడే. నన్ను చూసి, ఎవరండీ మీరు అన్నాడు. అన్నం వండి మూతపెట్టి వచ్చాను.”

మార్త ఆవిడ పక్కన కూర్చుంది. అమలమ్మ కళ్ళు తలుపు మీద దండలో ఖాళీగా ఉన్న చోటు దగ్గరే ఆగాయి. ఒళ్ళో ఆవిడ కుడిచెయ్యి దేన్నో ముడి వేస్తున్నట్టు కదులుతోంది. కాసేపటికి ఆవిడ బొడ్లో దోపుకున్న, పేలిక చింపగా మిగిలిన లుంగీ ముక్క తీసి కోడలి చేతిలో పెట్టింది.

“దీన్ని పొయ్యిలో వేసెయ్. వచ్చే ఏడు నించి దండ నువ్వే కట్టు మార్తా. నా చెయ్యిని నమ్మొద్దు.”